కర్ఫ్యూ రోజుల్లో ఆడిన పాత బంగ్లా ఆట

మా చిన్నతనంలో ఒక కర్ఫ్యూ మధ్యాహ్నం... బహదూర్‌పురాలో మా గల్లీ అంతా గడియలు బిగించుకుని కూర్చుంటే, నేనూ షాహీనూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కంప్యూటర్ ముందు వణుకుతున్నాం.

బయట పోలీసు బూట్ల చప్పుడు. తెర మీద చీకటి మెట్లు...

కంప్యూటర్ మాది కాదు. మా అన్న ముందుగదిలో కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఇది ఫోటో స్టూడియో ఖాదర్ భాయ్‌ది, మాటిమాటికీ ఆగిపోతోందని ఇచ్చి వెళ్ళాడు. అందులో దొరికింది ఈ ఆట. ఎప్పటిదో ఇంగ్లీషు దయ్యాల నవలని ఆటగా మార్చారట. పరుగులూ తుపాకులూ ఏమీ ఉండవు. బొమ్మ వస్తుంది, కింద కథ వస్తుంది, మధ్యమధ్యలో "ఇప్పుడేం చేస్తావు?" అని అడుగుతుంది. మనం ఎంచుకున్నదాన్ని బట్టి కథ నడుస్తుంది.

షాహీన్ పక్కింటి పిల్ల. వీధిలోకి అడుగు పెట్టే వీల్లేదు కాబట్టి డాబా గోడ దాటి వచ్చేది. నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాలి... అది మౌస్ పట్టుకోవాలి. అదీ మా ఒప్పందం.

కథలో ఎలెనా అనే అమ్మాయి, ఒక ముసలావిడకి సేవ చేయడానికి ఆ బంగ్లాకి వస్తుంది. యజమాని ఇంటి తాళాలన్నీ ఆమె చేతికే ఇస్తాడు, మేడ మీది చివరి గది మాత్రం తెరవొద్దంటాడు. ఆ గదిలోంచి ఎవరో తలుపు కొడుతుంటారు... మెల్లగా, ఆగి ఆగి...

మొదటిసారి తెరిచాం. ఎలెనా చేతిలో దీపం కిందపడి బంగ్లా తగలబడింది. ఆట మళ్ళీ మొదటికి! ఇంకోసారి తెరవకుండా వచ్చేశాం. ఎలెనా ఆ ఇంట్లోనే ముసలిదైపోయింది. మళ్ళీ మొదటికి! ఆ తలుపు దాకా రావాలంటే రోజంతా పట్టేది.

ఆ మధ్యాహ్నం మళ్ళీ ఆ తలుపు ముందుకు వచ్చామో లేదో, జీపు మైకులో వినబడింది... రెండు గంటలు కర్ఫ్యూ సడలింపు.

గల్లీ అంతా పాలకీ కూరగాయలకీ పరుగు. మేం మాత్రం కుర్చీ దిగలేదు. అన్న అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

"దోస్తు దగ్గర సీడీ తెస్త. రాంగనే ఫార్మాట్ కొడ్త. మీ బంగ్లా, మీ దయ్యం... అన్నీ సాఫ్."

"అన్నా, గా పిల్ల బయటికొచ్చేదాక ఆగరాదే!"

"ఆగితే ఖాదర్ భాయ్ నా తోలు తీస్తడు," అంటూ వెళ్ళిపోయాడు.

తెర మీద మూడు వాక్యాలు. తెరువు. వెళ్ళిపో. ఎవరని అడుగు. మూడోదాన్ని మేం ఎప్పుడూ పట్టించుకోలేదు. దయ్యాన్ని ఎవరైనా పేరడుగుతారా?

"తియ్యనా?" అంది షాహీన్.

"వద్దే! మళ్ల ఇల్లు కాలుతది."

"మరి పోదామా?"

"పోతే ముసల్దైతది కదనే..."

అప్పుడే మా ఇంటి తలుపు దబదబా మోగింది. ఇద్దరం కెవ్వుమన్నాం. అమ్మ వంటింట్లోంచి వచ్చి గడియ మీద చెయ్యి వేసింది. తియ్యలేదు. కర్ఫ్యూ రోజుల్లో ఏ ఇంట్లోనైనా అంతే.

"ఎవరు?"

"నేనే బహెన్, ఖాదర్. కంప్యూటర్ కోసం వచ్చిన."

గొంతు గుర్తుపట్టాకే గడియ తీసింది.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. షాహీన్ మూడో వాక్యం నొక్కేసింది.

గదిలోంచి జవాబు వచ్చింది! "నేను ముసలావిడ చెల్లెల్ని. దీపం దూరంగా పెట్టి తలుపు తియ్యమ్మా..."

"ఏమంటుంది బేటా?" వెనక నుంచి ఖాదర్ భాయ్. కథంతా గబగబా చెప్పాను. రెండు చేతుల్లో పాల ప్యాకెట్లతో అలాగే నిలబడిపోయాడు. "అరె, దీపం కింద పెట్టు! జల్దీ!"

తలుపు తెరుచుకుంది. ఎలెనా, ఆమె చెయ్యి పట్టుకుని ఆ చెల్లెలు... మెట్లు దిగుతున్నారు. వెనక యజమాని అడుగుల చప్పుడు... ఎదురుగా పెద్ద గేటు...

అన్న రొప్పుతూ వచ్చాడు. "దోస్తు ఇంటికి తాళమున్నది భాయ్, సీడీ దొర్కలే." బయట జీపు మళ్ళీ అరుస్తోంది, సడలింపు అయిపోవస్తోందని.

"ఇగ పోవాలె. ఎట్లున్నదట్లనే ఇచ్చెయ్," అన్నాడు ఖాదర్ భాయ్, తెర మీంచి చూపు తిప్పకుండానే.

అన్న వైరు లాగేశాడు. తెర నల్లబడింది. ఖాదర్ భాయ్ కంప్యూటర్ డబ్బాని స్కూటర్‌కి కట్టుకుని వెళ్ళిపోయాడు. మాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

కర్ఫ్యూ ఎత్తేశాక గల్లీ మొదట్లో ఆయన్ని పట్టుకున్నాం. "భాయ్, గా పిల్ల బయటపడ్డదా?" అని షాహీన్.

ఆయన స్కూటర్ ఆపాడు. మా ఇద్దరినీ ఒకసారి చూశాడు.

"రాత్రంత కూసోని ఆడిన బేటా. గేటుకు తాళముండె. గా చెల్లెలు జుట్టులకెల్లి పిన్ను గుంజి తీసింది. బయట గుర్రబ్బండి తయార్! ఇద్దరు ఎక్కి పోయిన్రు. ఫికర్ నక్కో, ఇగ ఏం భయం లేదు."

ఎంత సంబరపడ్డామో... గల్లీ చివరిదాకా గెంతుకుంటూ వచ్చాం.

మొన్న మాటల్లో అన్న చెప్పాడు. ఆ సాయంత్రం దారిలోనే డబ్బా స్కూటర్ మీంచి కిందపడిందట. ఆ తర్వాత ఒక్కసారి కూడా వెలగలేదట. చివరికి తుక్కు కింద అమ్మిపెట్టింది మా అన్నేనట.

అంటే ఆ తాళం, ఆ పిన్ను, ఆ గుర్రబ్బండి...

ఇప్పుడు ఏ ఆట ముగింపైనా ఫోన్లో నిమిషంలో దొరుకుతుంది. ఈ ఆటదీ ఎక్కడో ఉండే ఉంటుంది. నేను వెతకలేదు. నడిరోడ్డు మీద స్కూటర్ ఆపి, ఇద్దరు పిల్లల కోసం అప్పటికప్పుడు గుర్రబ్బండి తెప్పించే మనిషి అందులో దొరకడు కదా...

మీ చిన్నప్పుడూ ఎవరైనా ఇలా ఒక కథని మీకోసం ముగించి ఇచ్చారా? ఎలా ముగించారో రాయండి... చదవాలనుంది.