మేనత్త చిక్కు తీసిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులు వచ్చాయంటే ఆసిఫాబాద్ నుంచి మంథనిలోని మా తాతయ్య ఇంటికి వెళ్లేవాళ్లం. పొద్దున లేస్తే గోదావరే. ఆ రోజుల్లో నీళ్లు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడేవి. పిల్లలమంతా ఆకలేసేదాకా ఈదుతూ, ఇసుకలో పొర్లుతూ ఉండేవాళ్లం.

నాది ఉంగరాల జుట్టు. మా అమ్మకు దాన్ని దువ్వడం పెద్ద పరేషాన్. మంథనిలో ఆ పని మా మేనత్త చేసేది. ఆమె మా బాపుకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. అప్పటి ఆచారం ప్రకారం ఆమెకు తల గొరిగించేవారు. ఎప్పుడూ తలమీద కొంగు కప్పుకుని ఉండేది.

"జడలు ఇప్పి నీళ్లల్ల దిగకు బిడ్డా. నీ జుట్టు ఇసుకను పట్టుకుంటే ఇడువది," అని రోజూ చెప్పేది. ఒకనాడు నేను వినలేదు. ఈదుతుంటే జుట్టు నీళ్లమీద పరుచుకోవడం చూడాలని జడలు విప్పేశాను. ఇంటికి వచ్చేసరికి తలంతా ఇసుకతో అట్టకట్టింది. అమ్మ దువ్వెన పెడితే పళ్లు విరిగాయి.

"ఇగ కత్తిరించుడే," అంది అమ్మ. నేను ఏడుపందుకున్నాను.

అప్పుడే భోజనం ముగించి వచ్చిన మేనత్త, "కత్తెర ముట్టకు. జర ఓపిక పడితే అదే వస్తది," అని నన్ను బావి దగ్గరికి తీసుకుపోయింది. చేదతో నీళ్లు పోసి ఇసుక కడిగింది. నలిపిన మందారాకు పసరు పట్టించి, వసారాలో తన ముందు కూర్చోబెట్టుకుంది. దువ్వెన తీసుకోలేదు. వేళ్లతో కొసల దగ్గర మొదలుపెట్టి ఒక్కో పాయా విప్పసాగింది. ఎండ వాలుతోంది, చిక్కు మాత్రం తరగడం లేదు. నా మెడ లాగేస్తోంది. ఒకచోట వెంట్రుక పుటుక్కున తెగింది.

"నీకు జుట్టే లేదు. నొప్పి నీకేం తెలుస్తది?" అన్నాను.

నా తలలో ఆమె వేళ్లు ఆగిపోయాయి. వంటింటి గడపలో ఉన్న అమ్మ ఏదో అనబోతే, మేనత్త చేత్తో వారించినట్టుంది, అమ్మ లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వేళ్లు మళ్లీ కదిలాయి, ఇంతకుముందుకన్నా మెల్లగా.

"నాది గూడ గిసొంటి జుట్టే ఉండె బిడ్డా," అంది. "మా అవ్వ గిట్లనే తీస్తుండె. నీకు నా నుంచే వచ్చింది."

అంతే. గొంతులో కోపం లేదు. నాకు వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసే ధైర్యం రాలేదు. తర్వాత ఎంత లాగినా నొప్పి అనలేదు.

మర్నాడు ఆమే నాతో గోదావరికి వచ్చింది. వచ్చే ముందు బావి నీళ్లతో జుట్టు తడిపి, నువ్వుల నూనె రాసి, రెండు జడలు బిగించి అల్లింది. ముందే తడిసి నూనె పట్టిన జుట్టు ఏటి నీళ్లు ఎక్కువ తాగదట. ఈత అయ్యాక తుండుతో రుద్దనివ్వలేదు. పాత ధోవతి గుడ్డతో అదిమి ఆరబెట్టింది.

కొన్నాళ్లకు క్షౌరం చేసే ముసలాయన వచ్చాడు. అంతకుముందు అతను వచ్చినప్పుడు మేం పిల్లలం పెరట్లోనే ఆడుకునేవాళ్లం. ఇంట్లో జరిగే పనుల్లో అదీ ఒకటి అనుకునేవాళ్లం. ఆ రోజు మాత్రం పెరటివైపు చూడలేక అమ్మ పక్కన చేరి కూర్చున్నాను. పనయ్యాక మేనత్త స్నానం చేసి, తలమీద తడి కొంగుతో లోపలికి వచ్చింది.

"రా బిడ్డా, జడేస్త," అంది.

వెళ్లి కూర్చున్నాను. నా ఒత్తైన జుట్టు ఆమె ఒడి నిండా పడింది. అప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు.

క్షమించమని అడగాలని పెద్దయ్యాక చాలాసార్లు అనుకున్నాను. అడిగితే ఆ మాట మళ్లీ ఆమె చెవిన వేసినట్టవుతుందని ఊరుకున్నాను. ఆమె పోయి చాలా ఏళ్లైంది. మా మనవరాలు సెలవులకు సముద్రానికి పోతుంటే నూనె రాసి, జడలు బిగించి అల్లి పంపిస్తాను. ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగితే మేనత్త అని చెబుతాను.

ఎదుటి మనిషితో "నీకేం తెలుసు" అనే మాట మాత్రం, ఆ మధ్యాహ్నం తర్వాత నేను మళ్లీ అనలేదు.