ఇంటిపేరు లేని చొక్కాలు

మా ముత్తాత గారు మద్రాసులో కుట్టించిన కోటు తొడుక్కుని కలెక్టరు ఎదుట కుర్చీలో కూర్చున్న మనిషి. మా తాతగారు పర్చూరు దగ్గర మా ఊరికి మునసబు. ఆయన పంచె అంచుకి మట్టి అంటగా చూసినవాళ్ళు లేరని ఊళ్ళో చెప్పుకునేవారు. మా నాన్నగారికి నలభై ఎకరాల పొలం, పొగాకు ఆరబెట్టే రెండు బ్యారన్లు సంక్రమించాయి. నాకు ఇంటిపేరు సంక్రమించింది. ఈ ఉదయం గుంటూరులో నా బట్టల కొట్టు తలుపు తీస్తుండగా మిరపకాయ బస్తాల లారీ ఒకటి వీధిలోంచి పోయింది. ఆ ఘాటుకి వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. కొట్టులో ఇంకా ఎవరూ లేరు. ఈ మధ్య మధ్యాహ్నం దాకా ఎవరూ రారు. స్టూలు మీద కూర్చుని చాలాసేపు దీనమ్మ గారి గురించే ఆలోచించాను.

దీనమ్మ గారిది పెదకాకాని. మద్రాసులో ఎగుమతి బట్టల ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళు తనిఖీ పని చేసి, భర్త పోయాక గుంటూరు వచ్చేసింది. మిర్చి గోదాముల వెనక ఒక రేకుల షెడ్డులో, విదేశాలకు పోగా మిగిలిన బట్టలు మూటల లెక్కన తెప్పించి అమ్మేది. ఆ షెడ్డులో ఏ చొక్కా దులిపినా ముందు తుమ్ము వచ్చేది. "తుమ్ము శుభం బాబూ, కొనెయ్యి" అనేది ఆమె. ఆదివారం ఉదయం ప్రార్థనకి తప్ప షెడ్డు మూసేది కాదు.

నేను అక్కడికి వెళ్ళింది ఒక అబద్ధం వల్ల. తొంభైల చివర, డిగ్రీ చదివే రోజులు. పత్తి రెండేళ్ళు వరసగా ముంచి, మాకు మిగిలిన పొలం కూడా అమ్ముడుపోయింది. ఆ సంగతి కాలేజీలో ఎవరికీ తెలియనివ్వలేదు. మిర్చి వ్యాపారి కొడుకు కిరణ్ ఒక విదేశీ పత్రికలో బొమ్మ చూపించాడు: నల్లని పొడుగు చేతుల చొక్కా, వీపు మీద ఎర్రదారంతో కుట్టిన పులి. "ఇది మన దేశంలో ఒక్కడి దగ్గర కూడా ఉండదురా" అన్నాడు. "మా ఇంట్లో ఉంది" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలుసు. మా ఇంట్లో లేనిది ఒకటుందని ఇంకొకడు అనడం నేను భరించలేకపోయాను. "అయితే కాలేజీ డేకి వేసుకురా, చూస్తాం" అన్నాడు వాడు. నాలుగు వారాలు గడువు.

షెడ్డులోకి వెళ్ళి చెప్పులు విప్పకుండానే అడిగాను. "ఏమ్మా, వీపు మీద పులి ఉన్న నల్ల చొక్కా ఉందా నీ దగ్గర?" అడగకపోయినా మేం ఎవరి వాళ్ళమో, మా తాతగారు ఏమిటో కూడా చెప్పాను. ఆమె అంతా విని, "ఇంటిపేరు బాగుంది. మరి నీ పేరు?" అంది. తర్వాత ఒక తెల్ల చొక్కా నా మీదికి విసిరి, మంచిదో కాదో చెప్పమంది. నేను మెడ దగ్గర చూశాను. అక్కడి పట్టీ సగానికి కత్తిరించి ఉంది.

"దీనికి పేరు లేదుగా" అన్నాను.

"ఇంటిపేరు కత్తిరించి పంపుతారు. మిగిలిపోయిన సరుకు మీద తమ పేరుంటే కంపెనీ వాళ్ళకి పరువు తక్కువంట. పేరైతే కత్తిరించారు, కుట్టునేం చేస్తారు? తిరగెయ్యి."

ఆ పట్టీని ఆమె ఎప్పుడూ ఇంటిపేరు అనే అనేది. చొక్కా తిరగేసి చంక కింద కుట్టు, కాజాల లోపలి దారం బొటనవేలి గోటితో తడిమి చూపించింది. "లోపల శుభ్రంగా ఉన్నది బయట దానంతటదే బాగుంటుంది. బయటే బాగున్నది రెండు ఉతుకులకి తెలిసిపోద్ది, మునసబు గారూ." ఆ రోజు నుంచి నన్ను అలాగే పిలిచింది. నేను మాత్రం ఆమెను 'దీనమ్మా' అనే పిలిచేవాణ్ణి. ఆమె నాకంటే ముప్పయ్యేళ్ళు పెద్ద.

అరుదైన బట్ట దొరికే చోటు నగరం కాదని ఆమె దగ్గరే తెలుసుకున్నాను. మూట విప్పగానే పట్నం వ్యాపారులు తమకు తెలిసిన పేర్లు ఏరుకుంటారు. తెలియనివి, వింతగా ఉన్నవి తూకానికి సంతలకు పోతాయి. మిరప కోతకు, పత్తి తీతకు వెళ్ళే ఆడవాళ్ళు ఒళ్ళు మండకుండా చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటారు కదా, వాళ్ళు కొంటారు. అందుకని కోతల కాలంలో దీనమ్మ గారు సంచీ నిండా కొత్త చొక్కాలు వేసుకుని పొలాల వెంట తిరిగేది. పాతదానికి కొత్తది మార్పిడి. నేను సంచీ పట్టుకుని వెంట నడిచాను. దర్శి సంత, చుట్టుపక్కల పల్లెలు, ఎండ, దుమ్ము, బస్సులో నిలబడి ప్రయాణం. పులి మాత్రం కనబడలేదు.

మూడో వారం కనబడింది. పర్చూరు వైపు ఒక మిరప చేలో ఏడెనిమిది మంది వంగి కాయ కోస్తున్నారు. ఒక వంగిన వీపు మీద ఎర్రపులి ఆకాశం వైపు చూస్తోంది. ఆ వీపు వజ్రమ్మది. ఆమె అత్త మా ఇంట్లో పాలేరు భార్య. ఆ చేను అంతకు ముందు ఏడాది దాకా మాది.

"దిగండి మునసబు గారూ, గుంజలా నిలబడ్డారేంటి?" అంది దీనమ్మ గారు.

"అది మా పొలం."

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసింది. "మరీ మంచిది. గట్లు తెలుసు, పడిపోవు."

వజ్రమ్మ నడుము నిలబెట్టి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మునసబు గారి మనవడు కదూ! ఏం బాబూ, ఇలా వచ్చావు?"

"ఊరికే. పొలం చూసిపోదామని."

"చూసుకో బాబూ, చూట్టానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదుగా" అని వెనక నుంచి ఇంకొకామె అంది. అందరూ నవ్వారు. నేను గట్టు దిగలేదు.

తిరుగు బస్సులో దీనమ్మ గారు నా చేతిలోంచి సంచీ తీసుకుని తన భుజాన వేసుకుంది. "అడిగితే ఏం పోయేది?" అంది.

"మా ఇంట్లో చేసినవాళ్ళ ఒంటిమీద బట్ట నన్ను అడగమంటావా?"

"అడిగి మార్చుకుంటే బేరం. అడక్కుండా చూస్తా నిలబడితే దాన్నేమంటారో నాకు తెలీదు. నేనడిగితే ఆమె ఇస్తది. నేనడగను. రేపటి నుంచి షెడ్డుకి కొనటానికైతే రా. నాతో తిరగటానికి రాకు." మునసబు గారూ అనలేదు.

చొక్కా పోతోందన్న బాధ కన్నా ఆ మాటే ఎక్కువ కుదిపింది. నాలుగు రోజులు షెడ్డు వైపు వెళ్ళలేదు. ఐదో రోజు ఒక కొత్త చొక్కా కొనుక్కుని ఒక్కణ్ణే పర్చూరు బస్సెక్కాను. చెప్పులు చేత్తో పట్టుకుని చేలోకి దిగాను. వజ్రమ్మ దాకా నడవడానికి పట్టిన సమయం నా జీవితంలో ఏ పరీక్షకూ పట్టలేదు.

"వజ్రమ్మా, నీ చొక్కా నాకు కావాలి. బదులుగా ఇది తెచ్చాను."

ఆమె కొత్త చొక్కా వేళ్ళతో నలిపి చూసింది. "ఉల్లిపొరలా ఉందే! ఘాటు లోపలికి దిగదూ? కోతలయ్యాక తీసుకుపో బాబూ. అందాకా ఇది నాకు కావాలి." కాలేజీ డే ఎల్లుండని చెప్పబోయి మానేశాను. "సరే" అన్నాను. "మొన్న వచ్చినప్పుడే అడగలేదేం?" అంది.

"నోరు రాలేదు."

"మీ నాయనా అంతే. పొలం అమ్మేముందు ఒక్కరితో అనలేదు. అంటే కనీసం ఆ రోజు వచ్చి పక్కన కూర్చునేవాళ్ళం."

కాలేజీ డేకి మొదటి రోజు షెడ్డులో కొన్న, ఇంటిపేరు కత్తిరించిన ఆ తెల్ల చొక్కా వేసుకు వెళ్ళాను. "పులేదిరా?" అన్నాడు కిరణ్. "పొలంలో ఉంది" అన్నాను. వాళ్ళు చాలాసేపు నవ్వారు. అంతవరకు వాళ్ళతో నేనన్న మాటల్లో అదొక్కటే పూర్తి నిజం.

కోతలయ్యాక వజ్రమ్మ చొక్కా ఉతికి, మడతపెట్టి ఇచ్చింది. కంపెనీ కత్తెరకి ఎలా తప్పిందో, మెడ దగ్గర పేరు పట్టీ చెక్కు చెదరకుండా ఉంది. షెడ్డుకి తీసుకెళ్ళి చూపిస్తే దీనమ్మ గారు ఆ పట్టీ వైపు చూడనైనా లేదు. తిరగేసి, చంక కింద వజ్రమ్మ చేత్తో వేసుకున్న అతుకు గోటితో తడిమింది. "కంపెనీ కుట్టు కంటే ఇది గట్టిది" అంది. తర్వాత చొక్కా నా చేతిలో పెట్టి, "రేపు దర్శి సంత. మొదటి బస్సు. ఆలస్యం చెయ్యకండి మునసబు గారూ" అంది.

ఆమె వెంట తొమ్మిదేళ్ళు తిరిగాను. ఆమె పోయాక కొట్టు పెట్టాను. 'గారు' అని ఆమెను పిలవడం కూడా ఆమె పోయాకే మొదలుపెట్టాను. ఇప్పటి పిల్లలు ఫోనులో బొమ్మ చూపించి, "ఒరిజినలేనా అంకుల్?" అంటారు. తిరగేసి చూపిస్తాను. లోపలి కుట్టు చూసే ఓపిక వాళ్ళకు లేదు. చెప్పే ఓపిక నాకూ తగ్గింది. అయినా చేతిలోకి వచ్చిన ప్రతి బట్టనూ ముందు తిరగేస్తాను. కొత్తగా పరిచయమైన మనిషిని ఎవరబ్బాయివని అడగను. పేరడుగుతాను.

పోయిన నెల ఒక కుర్రాడు పాతకాలపు కోటు కావాలని వచ్చాడు. ఊరంతా తిరిగాడట, చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. ట్రంకు పెట్టెలోంచి ముత్తాత గారి కోటు తీసి ఇచ్చాను. వాడు నన్నేమీ అడగకుండా దాన్ని తిరగేసి, లోపలి కుట్లు చూశాడు. లోపలి జేబు మీద చిన్న గుడ్డ పట్టీకి మా ఇంటిపేరు ఎర్రదారంతో కుట్టి ఉంది. కత్తెర తీసుకుని ఆ పట్టీ విప్పాను. కోటు అమ్మాను.