నూనె రాసిన బ్యాటరీ

కొత్తగా ఆటో తోలుతున్న ఆ రోజుల్లో నా విశ్వాసానికి కొలత లేదు, తెలివికే ఉండేది. కరెంటు ఆటో తెచ్చిన రోజున మా పాస్టరుగారు సంఘమంతటి ఎదుట ప్రార్థన చేసి హ్యాండిలుకూ, సీటు కింద బ్యాటరీకీ నూనె రాశారు. బ్యాటరీ నాది కాదనీ, ఛార్జింగు అయిపోతే వెంకటాచలం ఊళ్లోని బ్యాటరీల స్టాండులో ఇచ్చేసి నిండుది తీసుకోవాలనీ నాకు తెలుసు. (కాగితం మీద సంతకం కూడా పెట్టాను.) కానీ ప్రార్థన చేసినదాన్ని ఎట్లా ఇచ్చేయడం?

మర్నాడే నన్ను పెంచిన పెద్దమ్మకు నెల్లూరులో కంటి ఆపరేషన్. పొద్దున తొమ్మిదిలోపు రాకపోతే ఆమె వంతు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. దారిలో స్టాండు దగ్గర ఆగితే, అక్కడ పనిచేసే అక్క, "ఛార్జింగు రెండు గీతలే ఉండాయి తమ్ముడా, మార్చుకో" అంటూ నిండు బ్యాటరీ తెచ్చింది. గుప్పున అత్తరు వాసన. ఆటోలో జామకాయలమ్మే భాయ్ దువా చేసి, అత్తరు పూసి, వాడి ఇచ్చేసిన బ్యాటరీ అది.

"ఇది నాకొద్దక్కా."

"ఏందబ్బయా, బ్యాటరీకి కూడా మతముందా?"

"రెండు గీతలతోనే దేవుడు నెల్లూరు చేరుస్తాడు."

"చేరుస్తాడులే. నువ్వు ముందు అది మార్చు నాయనా" అంది వెనక నుంచి పెద్దమ్మ.

బండి కదిలించి, ఆమె అల్పవిశ్వాసం మీద ప్రసంగం ఎత్తుకున్నాను. ప్రసంగం సగంలో ఉండగా హైవే మీద ఆటో ఆగిపోయింది. ఎండలో కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించాను. చాలాసేపటికి జవాబు జామకాయల ఆటోలో వచ్చింది. నేను వద్దన్న బ్యాటరీ స్టాండులో మళ్లీ ఆయనకే వచ్చి, ఇప్పుడు భాయ్ బండిలో ఉంది. ఆయన దాన్ని ఊడదీసి నా ఆటోలో పెట్టి, నా ఖాళీది తీసుకున్నాడు.

"నీ నూనె బ్యాటరీ నాకొచ్చుంటే నేను వద్దంటానా తమ్ముడా? పో, పెద్దామెను తీసకపో."

ఆయన జామకాయలతో రోడ్డు పక్కనే ఉండిపోయాడు. మేం చేరేసరికి పదిన్నర. వంతు పోయింది. మళ్లీ పిలుపు వచ్చేలోగా ఆ కంటిచూపూ పోయింది. పెద్దమ్మ నన్నొక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం నవ్వుతూ, "నా కంటికి కూడా రవంత నూనె రాయించకపోతివా నాయనా" అంది. సంఘంలో ఎన్నో సాక్ష్యాలు చెప్పాను గానీ, ఇది చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

ఇప్పుడు రోజుకు రెండుసార్లు బ్యాటరీ మారుస్తాను. ఒకదానికి విభూది, ఒకదానికి చేపల వాసన, అదృష్టం బాగుంటే అత్తరు. ఆదివారం మందిరానికి బయలుదేరేటప్పుడు పెద్దమ్మ నా భుజం మీదుగా వంగి, మిగిలిన ఒక్క కన్నుతో గీతలు లెక్కపెడుతుంది. నిండుగా ఉంటేనే "స్తోత్రం" అంటుంది.