వీపులు కనిపించే పటం

మీ హాల్లో ఏ పటం ఉండాలో తేల్చేది మీ కళ్లా, గోడల దిక్కులు చూసిపోయే మనిషా?

బాన్సువాడలో మా అక్కవాళ్ల కొత్త ఇంట్లో ఈ ప్రశ్న నాకు ఎదురైంది. అక్క డ్రాయింగ్ టీచరుగా రిటైరైంది. పాత ఐరోపా చిత్రమొకటి చూసి, ఏడాదిపాటు కూర్చుని నూనె రంగుల్లో పెద్ద పటం వేసింది. విశాలమైన లోయ, కూలిన రాతి స్తంభాలు, వంపు తిరిగిన ఏరు, కొండల మీద పసుపు వెలుగు. ఏటి ఒడ్డున మూటలు మోస్తూ నడిచే ఇద్దరు మనుషులు. బొటనవేలంత ఉంటారు, వీపులే కనిపిస్తాయి.

గృహప్రవేశానికి ముందు బావ పిలిపించిన వాస్తు మనిషి దాని దగ్గర ఆగాడు.

"గీ పటం ఈడ వద్దు సార్. పొద్దు గూకుతుంది, నీళ్లు బయటికి పోతున్నయి, మనుషులు గూడ ఇల్లిడిచి పోతుండ్రు."

"ఆరిపోయిన రంగు, నీళ్లెక్కడికి పోతాయండీ?" అన్నాను. గంటసేపు వాదించాను. ఆయన నవ్వి, టీ తాగి వెళ్లాడు. వాదన నేను గెలిచాను. పటం మాత్రం స్టోర్ గదిలో గోడవైపు తిరిగింది.

"ఆ ఇద్దర్నీ చెరిపేసి ఏవో పూలమొక్కలు వెయ్యరాదూ" అన్నాడు బావ. అక్క సరేనంది.

మర్నాడు అక్క పటాన్ని వరండాలోకి తెచ్చి రంగు కలుపుతుంటే, బియ్యం ఏరుతున్న బావ తల్లి తలెత్తి చూసింది. ఎనభై దాటిన మనిషి.

"ఎవరే వాళ్లు?"

"ఇల్లొదిలి పోతున్నారంటమ్మా" అన్నాడు బావ.

"ఎవడ్రా చెప్పింది? కృష్ణ ఒడ్డు నుంచి ఈ కాలవ కింద సేద్యానికి వచ్చినప్పుడు మా అమ్మా నాన్నా నాకు ఇట్టాగే కనపడ్డారు. చిన్నపిల్లని, వెనకాల నడిచా. దారంతా వీపులే."

"మరి పొద్దుగూకడం?" అన్నాడు బావ.

"పొద్దున్నో సాయంత్రమో నాకేం గుర్తు. కాళ్లనొప్పులు గుర్తున్నాయి."

పటం వల్ల ఏమీ జరగదని నేను గంటసేపు వాదించాను. అందులో ఏముందో ఒక్క ముక్క మాట్లాడలేదు. వాస్తు మనిషి, తప్పుగానే అయినా, ఆ ఇద్దర్నీ చూశాడు. నేను చూడలేదు. వీపులు వేసేది, పటం చూసే మనిషిని అదే దారిలో, వాళ్ల వెనక నిలబెట్టడానికని నాకు అప్పటిదాకా తట్టలేదు.

అక్క బ్రష్షు పక్కన పెట్టేసింది. పటం ఇప్పుడు హాల్లోనే ఉంది. బావ దాని కింద కూర్చుని పేపరు చదువుతాడు. ఇంట్లో కుళాయి కారినా, పటం వల్లేనేమో అని నాకే ఫోన్ చేస్తాడు.

మీ ఇంట్లో గోడవైపు తిప్పిపెట్టిన పటం ఉంటే ఈ రోజే బయటికి తీయండి. ఎవరినీ సలహా అడక్కండి. అందులోని మనుషులు ఎవరో, మీరు వాళ్లకు ఎటువైపు నిలబడి ఉన్నారో, ముందు మీ కళ్లతో చూడండి.