పాలెగాడి మీద రెండు డ్రోన్లు

ఉద్యోగం వచ్చిందన్న మాట నేను మొదట చెప్పింది మా నాయనకు కాదు. తిరుపతిలో కాణిపాకం బస్సెక్కితే పక్క సీట్లో ఒడినిండా మునక్కాయల కట్ట పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది, ఆమెకు చెప్పాను. "కెమెరాలు, డ్రోన్లు అమ్మే అంగట్లో ఉద్యోగం వచ్చిందక్కా" అన్నాను. "డ్రోనంటే సేండ్లకు మందు కొట్టేదా?" అని అడిగింది. కాదు, పైనుంచి వీడియో తీసేదని చెప్పాను. తర్వాత కండక్టరుకు చెప్పాను. కాణిపాకంలో దిగి ఐరాల పక్కకు పోయే షేర్ ఆటో ఎక్కి దాని డ్రైవరుకూ చెప్పాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ సంతకం నేర్చుకున్నదే నా ప్రోగ్రెస్ కార్డు మీద. అలాంటి ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇంత మంచి మాట కడుపులో ఆగదు.

ఒళ్ళో రెండు డ్రోన్లున్న బ్యాగు. అంగడి యజమాని నాకిచ్చిన మొదటి పని అది.

"వచ్చినోడల్లా ఒకటే అడగతా ఉండాడమ్మా" అన్నాడాయన. "డబ్బా మీద రెండింటికీ ఫోర్‌కే అనే రాసుండాది గదా, మరి ఇది పదివేలు, అది లక్ష ఏంది అని. దానికి జవాబు నువ్వు వీడియోలో సెప్పల్ల. ఒకే తావు, ఒకే ఎత్తు, ఒకే ఎండలో రెండూ ఎగరెయ్. అలిపిరి పక్క మాత్రం బ్యాగు జిప్పు గూడా తియ్యొద్దు. పోలీసోళ్ళు డ్రోన్నీ నిన్నీ ఒకే జీపులో ఎక్కిస్తారు."

మా ఊళ్ళో తీసుకొస్తానన్నాను. రెండు రోజుల్లో గంగమ్మ జాతర ముగుస్తుంది. ఆఖరి రోజు చెరువు మిట్ట మీద పాలెగాడి బొమ్మ పడుకుని ఉంటుంది. ముప్పై అడుగుల మట్టి మనిషి. ఆడపిల్లల జోలికొచ్చిన పాలెగాణ్ణి అమ్మవారు నరికిన కథ మా పక్కన చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్మవారి వేషం కట్టినాయన కత్తితో ఆ బొమ్మ మెడ నరికితేనే జాతర అయినట్టు. బొమ్మ చేసే హక్కు మా ఇంటిది. మా తాత చేశాడు, ఆయన తర్వాత ముప్పై ఏళ్ళుగా మా నాయనే. కానీ ముప్పై ఏళ్ళలో ఆ బొమ్మను తల నుంచి కాలి దాకా ఒక్కసారిగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. అంత ఎత్తు నుంచి చూడ్డానికి మాకు కొండా లేదు, మిద్దే లేదు.

నేను పోయేసరికి నాయన మిట్ట మీద మన్ను తొక్కుతున్నాడు. చిన్నాయన గంపల్లో చెరువు మన్ను తెచ్చి పోస్తున్నాడు.

"నాయనా, ఉద్యోగమొచ్చింది!"

"నిజంగానా! యాడ?"

"తిరపతిలోనే."

"గవర్మెంటా?"

"కాదు."

"గాకపోతే గాకపోయిందిలే. నీడలో పనేనా?"

"సగం ఎండలోనే నాయనా. డ్రోను ఎగరెయ్యాల గదా."

"ఇంత సదివి మళ్ళా ఎండలోకేనా మేయ్!" అని చిన్నాయన గంప దించి నవ్వాడు. "పైన ఎగిరేది అది, కింద మాడేది నువ్వు."

నాయన బురద చేతుల్తోనే నా నెత్తి మీద చెయ్యి పెట్టబోయి ఆగి, మోచేత్తో తాకాడు. ఆ సాయంత్రం దాకా నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు.

బొమ్మలో ఒక భాగం ఎవరూ చూడకూడదు. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళ కుండను మెడ లోపల పూడ్చాలి. పాలెగాడి ప్రాణం అది. ప్రాణం ఎక్కడుందో మనిషి కంటికి తెలియకూడదని, అది పెట్టే వేళకు అందరూ మిట్ట దిగిపోతారు. చేసే ఆయన కూడా కళ్ళకు తుండుగుడ్డ కట్టుకుని ఎడమచేత్తో కుండను గుంటలో కూర్చోబెట్టి, కుడిచేత్తో మన్ను కప్పుతాడు. చేతికి తెలిస్తే చాలు. మరుసటి పొద్దున కత్తి పడగానే ఎర్రనీళ్ళు చిమ్మాలి. ఆ తడిమన్ను ఆడవాళ్ళు తీసుకుపోయి గడపలకు పూస్తారు. ఎరుపు రాకపోతే ఆ ఏడు ఊరికి మంచిది కాదంటారు. మా తాత కాలంలో ఒకసారి రాలేదట. ఆ ఏడు బావులెండితే మా ఇంటి ముందుకొచ్చి తిట్టిపోయారని మా అవ్వ చెప్పేది. నీళ్ళు వచ్చినన్నాళ్ళూ గొప్ప అమ్మవారిది. రాని రోజున తప్పు మాది.

మరుసటి సాయంత్రం నాయన కుండ పెట్టి కిందికి దిగాడు. తెల్లవారుతూనే ధర్మకర్త వచ్చి బొమ్మకు కళ్ళు దిద్దాడు. జనం వచ్చేలోగా ఎగరేసుకోమని నాకు ఒక గంట ఇచ్చారు.

చిన్న డ్రోను ముందు లేపాను. చెరువు మీద గాలికే అది వణికింది. దాని కెమెరాను నిలకడగా పట్టే ఏర్పాటు లేదు. తీసిన దృశ్యం అంచులు కత్తిరించి అదే సర్దుకుంటుంది. అందుకే వీడియోలో మిట్ట చుట్టూ ఉన్న చెరుకు తోట నీళ్ళలో నీడలాగా ఊగింది. ఆకాశం తెల్లగా పాలిపోయింది. తర్వాత పెద్దది లేపాను. అది మేకు కొట్టినట్టు గాలిలో నిలబడింది. అదే ఎత్తు, అదే ఎండ. పాలెగాడి మీసాలకు రుద్దిన బొగ్గులో మెరుపు కూడా వచ్చింది.

స్కూలు వరండాలో ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండూ చూశాను. ఫోన్ తెరలో అయితే రెండింటికీ పెద్ద తేడా లేదు, ఈ మాట వీడియోలో నిజాయితీగా చెప్పాలని రాసుకున్నాను. తేడా ఆకాశంలో కన్నా నీడలో ఎక్కువ తెలుస్తుందని కూడా రాసుకున్నాను. నీడ కోసమే బొమ్మ గడ్డం కింద ఆపి పెద్దది చేశాను. చిన్నదాంట్లో అక్కడ నల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు. పెద్దదాంట్లో ఆ నీడ లోపల కూడా మన్ను కనబడింది. మెడకు ఎడమపక్క చేటంత మేర రంగు మారి, భుజం దాకా పోయి, అంచున ఎర్రగా ఉంది.

నాకు మొదట సంతోషమే వేసింది. చీకటి నీడలో ఇంత వివరం, ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదనుకున్నాను. రెండు ఫ్రేములూ పక్కపక్కన పెట్టి సేవ్ చేశాను కూడా. చేశాక తెలిసింది, నేను చూస్తున్నది పగిలిన కుండ అని.

అప్పుడు భయమైనా వేసి ఉండాలి. వెయ్యలేదు. ల్యాప్‌టాప్ మూసి, బ్యాటరీలు తీసి బ్యాగులో దేని గూట్లో దాన్ని పెట్టి, జిప్పు వేసి లేచాను.

నాయన టార్పాలిన్ పట్ట కింద అంబలి తాగుతున్నాడు.

"నాయనా, కుండ మెడ కిందే గదా పెట్టినావు?"

"అది అడగగూడదు పాపా."

"ఎడం పక్క తడొచ్చింది. ఎర్రగా ఉండాది."

చెంబు కింద పెట్టి, నేను తెరిచిన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మొదట తెరిచింది చిన్న డ్రోను వీడియో.

"ఏమీ లేదే."

"దాంట్లో కనపడదు నాయనా. దీంట్లో సూడు."

చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్ళలో తన బొమ్మను పైనుంచి చూడడం అదే మొదలు. అయినా ఆయన కన్ను ఆ చేటంత మరక దాటి పోలేదు.

"కుండ పగిలితే సేతికి తెలియాల్నే" అన్నాడు. ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టుకుని, కుడిచేత్తో దాని వేళ్ళను ఒక్కొక్కటే గిల్లాడు. "ఈ మూడు వేళ్ళకూ ఏమీ తెలీదు పాపా. ఆర్నెల్లాయ. షుగరని అనుకుంటా ఉండా. గట్టిగా పట్టినానో, మెల్లిగా పట్టినానో."

"సెప్పలేదే?"

"ముందు సెప్దామంటే నీ పరీక్షలు. ఆమైన సెప్దామంటే జాతర."

"ఇప్పుడు తీసి వేరే కుండ పెడితే?"

"కండ్లు దిద్దినాంక ఒళ్ళు తవ్వగూడదు." ఆయన గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. సంతలో ఎద్దు పళ్ళు చూసినంత మామూలుగా తెర మీదికి వంగాడు. "ఆ తడి యాడ జాస్తిగా ఉండాదో సూపీ."

పెద్దది చేసి చూపించాను. భుజానికి సున్నంతో వేసిన కడియం ఉంది. దానికి పైన మన్ను బాగా నల్లగా ఉంది. "కడియానికి జానెడు పైన నాయనా." ఆయన తెర మీద వేలు పెట్టి మెడ నుంచి భుజం దాకా కొలిచాడు. నేను ఇంత ఎత్తులో తీస్తే ఇంత అని లెక్క కట్టి, రెండడుగులు అని చెప్పాను.

అమ్మవారి వేషం కట్టేది నాయనకు బావ వరస, నాకు మామ. ఏడాదంతా ట్రాక్టరు తోలుతాడు. గుడి వెనక ఆయనకు పట్టుచీర చుట్టి మొహానికి పసుపు పూస్తున్నారు. నాయన ఆయన చెవి దగ్గరకు వంగాడు. నేను పక్కనే ఉన్నాను.

"బావా, ఈ తూరి మెడ మీద గాదు. ఎడం భుజం మీద, కడియానికి పైన ఎయ్యి."

"ఏం? మెడ గదా నరికేది."

"ఎందుకో ఎయ్యి బావా. నేను ఆడే నిలబడుంటా. నా కాళ్ళ ముందర."

"కత్తెత్తినాంక నాకు తెలివుంటాదా? అమ్మ నడిపిచ్చిన తట్టు పోతా. నీ కాళ్ళు నరికినా నరుకుతా, మళ్ళా నన్ను అనొద్దు."

"నన్ను సూడు, సాలు."

పంబలు మోగాయి. పది గంటలకు మిట్ట మీద మనిషి పట్టే సందు లేదు. నేను డ్రోను తియ్యలేదు. జనం నెత్తిన ఎగరెయ్యకూడదన్నది నిజమే. అది గుర్తు లేకపోయినా తీసి ఉండేదాన్ని కాదు. నాయన పాలెగాడి ఎడమ భుజం పక్కన నిలబడ్డాడు. మా అమ్మ ఆడవాళ్ళ వరసలో పళ్ళెం పట్టుకుని ఉంది. ఆమెకు ఏమీ తెలీదు. మామ వచ్చాడు. కళ్ళు పైకి పోయి ఉన్నాయి. ఎవరినీ చూడటం లేదు.

మొదటి దెబ్బ మెడ మీదే పడింది. పొడిమన్ను లేచింది. పంబ వాయించేవాళ్ళు ఒక దెబ్బ తప్పారు. ధర్మకర్త మా నాయన వైపు చూశాడు, ఆయన్ను చూసి మిగతావాళ్ళు కూడా. నేను పొద్దున వీడియోలో చిన్న డ్రోను ఆకాశం ఎంత తెల్లగా పాలిపోయిందో, అది ఎలా సరిచెయ్యాలో ఆలోచిస్తున్నాను. నిజంగా అదే ఆలోచిస్తున్నాను.

నాయన ఒక అడుగు ముందుకేశాడు, కత్తి అందేంత దగ్గరికి. "అమ్మా, ఈడ" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

రెండో దెబ్బ ఆయన పాదానికి బెత్తెడు దూరంలో దిగింది. నీళ్ళు చిమ్మలేదు. ఎర్రటి మన్ను, కాలేయం ముక్కంత, కత్తికి అంటుకుని పైకి వచ్చింది. ముందు వరసలో ఒక ముసలామె అది చేత్తో తీసి నుదుటికి పెట్టుకుని "తల్లీ గంగమ్మా!" అని అరిచింది. అంతే, జనం బొమ్మ మీద పడ్డారు.

"ఈ ఏడు అమ్మకు కోపం జాస్తిగా ఉండాదప్పా" అన్నాడు ధర్మకర్త. "మెడ సాలక భుజం గూడా తీసింది." అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. నేను నవ్వానో లేదో గుర్తు లేదు.

మరుసటి రోజు నాయన ధర్మకర్త ఇంటికి పోయి, వచ్చే ఏడు నుంచి బొమ్మ తమ్ముడు చేస్తాడని చెప్పి వచ్చాడు. "ఇంగా గట్టిగానే ఉండావు గదప్పా, ఏమొచ్చింది?" అంటే, "సాలప్పా, ముప్పై ఏండ్లు సేసినా" అన్నాడట. కుండ సంగతి చెప్పలేదు. తిరుపతిలో డాక్టరుకు చూపించాను. షుగరే. నరం దెబ్బతిందని, స్పర్శ వస్తే రావచ్చు, రాకపోనూవచ్చని అన్నాడు. చిన్నాయన ఇప్పుడే చిన్న ముంతలు పెట్టుకుని కళ్ళకు గుడ్డ కట్టుకుని నేర్చుకుంటున్నాడు.

నా వీడియో బాగా వచ్చింది. నీడ తేడా చూపించడానికి మా బర్రెల కొట్టం వాడాను. చిన్నదాంట్లో కొట్టం లోపల చీకటి, పెద్దదాంట్లో గాటి దగ్గర దూడ. "నీడ సంగతి భలే పట్టినావమ్మా" అన్నాడు యజమాని. చూసినవాళ్ళలో ఇద్దరు వచ్చి పెద్దది కొన్నారు. నా మొదటి వీడియో చూసి కొన్నారు! ఇది కూడా బస్సులో పక్కామెకు చెప్పాను. పాలెగాడి మెడ ఫ్రేములు ఎక్కడా వాడలేదు.

పోయిన వారం ఇంటికి పోతే నాయన తన ఫోను నా చేతికిచ్చాడు. బొమ్మ వీడియో ఎక్కించమన్నాడు.

"ఏది నాయనా?"

"చిన్నదాంతో తీసింది."

"పెద్దది ఇంగా బాగుంటాది."

"తెలుసు పాపా. చిన్నదే ఎక్కీ."

ఎక్కించాను. అప్పటికే చెరుకు కొట్టేవాళ్ళు ఇద్దరు వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. కుడిచేత్తో ఫోను పట్టుకుని వాళ్ళకు చూపించాడు. "సూడండప్పా, తల కాడ నుంచి కాలి దాకా. ఒక్క గీటు లేదు." వాళ్ళు నిజమే అన్నారు. అందులో ఒకాయన నా వైపు తిరిగి, "నువ్వు తీసిందేనామ్మా? భలే వచ్చిందే" అన్నాడు.

నేనే తీశానని చెప్పాను.