కుడితి బకెట్లో పోసిన గంజి

సన్నగా తరిగిన వెల్లుల్లి చెంచాడు నూనెలో వేడెక్కుతుంటే, ఎర్రబడబోయే ముందు ఒక తియ్యటి వాసన వస్తుంది. ఎక్కువసేపు ఉండదు. ఆ వాసన రాగానే బీరకాయ ముక్కలు వెయ్యాలి. ఆలస్యమైతే వెల్లుల్లి చేదెక్కుతుంది. ఈ సాయంత్రం మా వంటింట్లో అదే వాసన. పక్క పొయ్యి మీద పాస్తా ఉడుకుతోంది, మిరియాల పొడి పట్టించిన రొయ్యలు గిన్నెలో ఉన్నాయి. ముక్కలు వేస్తూ అలవాటుగా మేడ మెట్ల వైపు చూశాను. "మంట తగ్గియ్యి పిల్లా!" అన్న కేక అక్కడి నుంచి రావాలి. రాదని తెలుసు. స్వరూపక్క మా పైగది ఖాళీ చేసి వెళ్ళి చాలా కాలమైంది.

ఇబ్రహీంపట్నంలోని మా ఇంట్లో ఆమె అద్దెకు దిగినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. చెరువులో వల వేసి బతికిన కుటుంబంలో పుట్టి, నర్సు కోర్సు చదివి, కొన్నేళ్ళు మస్కట్‌లో పనిచేసి తిరిగొచ్చిన మనిషి. ఊళ్ళోనే ఒక ప్రైవేటు దవాఖానలో చేరింది. ఆమె మెట్లు దిగుతుంటే వీధి చివరిదాకా తెలిసేది. నేనేమో అదే మెట్ల మీద పుస్తకం పట్టుకుని, ఎవరైనా వస్తే గోడకు ఒదిగిపోయే రకం. మూడోనాడో నాలుగోనాడో నా ముందు ఆగింది.

"ఏం పిల్లా, పొద్దుగూకులు అండ్ల ఉన్నోళ్ళతోనే మాట్లాడతవా? మాతోని మాట్లాడవా?"

నవ్వి తల దించుకున్నాను. ఆమెతో అనే కాదు, ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుని, చెప్పేసినంత నిమ్మళంగా పడుకునేదాన్ని.

ఆదివారాలు నన్ను చేపల మార్కెట్‌కు తీసుకుపోయేది. రొయ్యను రెండు వేళ్ళతో నొక్కి చూసేది, తలను కొద్దిగా లాగి చూసేది, వాసన చూసి మొహం తిప్పుకునేది. అన్నీ చూసి, "ధర నువ్వడుగు" అని నన్ను ముందుకు తోసేది. నాకు నోరు పెగిలేది కాదు. ఒకసారి రొయ్యలమ్మే ఆమె విసుక్కుంది.

"గీ పిల్లకు మాటలు రావా ఏంది?"

"ఎందుకు రావు? వస్తయ్. లోపల ఉడుకుతున్నయ్. జర ఆగు" అంది స్వరూపక్క.

ఇద్దరూ పకపకా నవ్వారు. నాకు సిగ్గేసింది. కానీ ఆ మాటను ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. నాకు మాటలు ఉన్నాయని నమ్మిన మొదటి మనిషి ఆమె.

ఆ ఏడాదే బాపుకు గుండెనొప్పి వచ్చింది. స్టెంట్ వేసి పంపారు. నూనె, ఉప్పు, వేపుళ్ళు బాగా తగ్గించాలన్నారు. బాపు యాచారం వైపు పొలంలో పెరిగిన మనిషి; కారం, నూనె పైకి తేలకపోతే అది ఆయన లెక్కలో కూర కాదు. అమ్మ ఉడకబెట్టిన సొరకాయ పెడితే పళ్ళెం జరిపేసేవాడు. "గిది మనుషుల తిండేనా? దవాఖానలనే ఉంటుంటి గదా" అని లేచిపోయేవాడు. అమ్మ కళ్ళు తుడుచుకునేది, ఒకోసారి ఓడిపోయి మామిడికాయ తొక్కు డబ్బా ముందు పెట్టేది.

ఒక సాయంత్రం కాలేజీ బస్సు దిగి వస్తుంటే, బస్టాండ్ పక్క మిర్చి బజ్జీల బండి దగ్గర బాపు కనిపించాడు. నూనె ఓడుతున్న కాగితం చేతిలో పెట్టుకుని, పిల్లవాడు దొంగతనంగా తిన్నట్టు, గబగబా తింటున్నాడు. నేను తల తిప్పుకుని వచ్చేశాను. ఆ రాత్రి డైరీలో రాసినా గుండె కుదుట పడలేదు. తెల్లారి పైకి వెళ్ళి స్వరూపక్కకు చెప్పాను.

ఆమె జడ అల్లుకుంటూ అంతా విన్నది. "నాకెందుకు చెప్తున్నవ్? నేను మీ బాపు బిడ్డనా?"

"నా మాట వినడక్కా."

"ఎన్నిసార్లు చెప్పినవ్, వినకపోయిండు?"

ఒక్కసారి కూడా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమె జడ ముడి వేసి లేచింది. "ఉత్తగ చెప్తే ఎవ్వలు వినరు. కమ్మటిది ఏదన్న ముందల పెట్టి చెప్పాలె. నడువ్, రొయ్యలు తెద్దాం."

మస్కట్‌లో నర్సుల హాస్టల్లో నేర్చుకున్న పాస్తాను ఆమె మన నాలుకకు మలుచుకుంది. బీరకాయ, టమాట, కొంచెం క్యాప్సికం, చివర్లో రొయ్యలు, కొత్తిమీర, నిమ్మరసం. ఎండు రొయ్యలు వేసి బీరకాయ వండుకునే ఇళ్ళు మావి, అందుకే ఆ జత నాకు కొత్తగా అనిపించలేదు. "రొయ్య నెలవంక లెక్క వంగంగనే దించు. గుండ్రంగ చుట్టుకున్నదంటె రబ్బరే" అంది. కూర అయ్యాక నన్ను పాస్తా వార్చమని, నిమ్మకాయలు తేవడానికి పైకి వెళ్ళింది.

నేను చిన్నప్పటి నుంచి అన్నం గంజి ఎలా వారుస్తానో అలాగే వార్చాను. గిన్నెకు మూత అదిమిపెట్టి, గుడ్డతో పట్టుకుని, చుక్క మిగలకుండా పెరటి గుమ్మం దగ్గరి కుడితి బకెట్లోకి వంచాను. పక్కింటి యాదయ్య మామ బర్రెల కోసం మా ఇంటి బియ్యం కడుగు, గంజి అన్నీ ఆ బకెట్లోకే పోతాయి. స్వరూపక్క వచ్చి, బకెట్లో లేస్తున్న ఆవిరి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఓ పిల్లా! కూర రుచంత బర్రెకు పోసినవ్ గదనే!"

నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నవ్వు ఆపుకోలేక గుమ్మానికి ఆనుకుంది. "యాదయ్య మామ బర్రె రేపు నన్ను పాస్తా అడుగుతది సూడు." మళ్ళీ నీళ్ళు పెట్టి ఇంకో గుప్పెడు పాస్తా ఉడికించింది. ఆ చిక్కటి నీళ్ళు గరిటెడు కూరలో పోసి తిప్పమంది. అప్పటిదాకా ముక్కలు ముక్కలుగా విడిపోయి ఉన్న కూర మెత్తగా, నిగనిగలాడుతూ పాస్తాను పట్టుకుంది. "సూశినవా? నూనె చేసే పని గంజి చేసింది. మీ బాపుకు కావాల్సింది గిదే."

వడ్డించే వేళకు ఆమె లోపలికి రానంది. బయట మెట్ల మీద కూర్చుంది. "నేనుంటే నువ్వు మాట్లాడవ్. పో."

బాపు పళ్ళెంలోకి చూసి కనుబొమ్మలు ముడిచాడు. "ఏందిది? వానపాములా?"

అమ్మ నావైపు చూసింది. "నేనే చేసిన బాపు. రొయ్యలున్నయ్" అన్నాను. అక్కడితో ఆగిపోయేదాన్నే. మెట్ల మీద స్వరూపక్క గాజుల చప్పుడైంది. "నిన్న నిన్ను బజ్జీల బండి కాడ చూసిన. నాకు భయమైతుంది బాపు. నువ్వు లేకుంటే ఎట్ల?"

బాపు తలెత్తలేదు. ఒక రొయ్యను వేళ్ళతో తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకొకటి తీసుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది."

"అవ్ బాపు. తక్కువనే వేసిన."

అంత నిబ్బరంగా ఎలా అన్నానో నాకే తెలియదు. బాపు మొదటిసారి నా మొహంలోకి చూశాడు. పళ్ళెం కొంచెం ముందుకు జరిపాడు. "సరె. ఇంకింత పెట్టు."

ఆ రోజుతో బాపు మారిపోయాడని రాస్తే అబద్ధం. బజ్జీల బండి అక్కడే ఉంది, ఆయన కాళ్ళూ అటు పోతూనే ఉన్నాయి. కాకపోతే ఇంటికొచ్చి, "ఇయ్యాల రెండు తిన్న, కోప్పడకు బిడ్డా" అని చెప్పడం మొదలుపెట్టాడు. రెండు ఒకటయింది. ఒకటి నెలకోసారి అయింది. ఆ మధ్య డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు గుండె బాగుందన్నారు.

స్వరూపక్క తుర్కయాంజాల్‌లో చిన్న ఫ్లాటు కొనుక్కుని వెళ్ళింది. వెళ్ళే రోజు సామాను ఆటోలో ఎక్కించే మనిషితో బాడుగ నన్నే మాట్లాడమంది. నేను మాట్లాడాను, కొంచెం తగ్గించాను కూడా. ఆమె ఆటోలోంచి తల బయటపెట్టి, "ఉడికినయ్!" అని అరిచింది. వీధిలో ఎవరికీ అర్థం కాలేదు.

ఇప్పటికీ నలుగురిలో ముందుగా మాట్లాడేది నేను కాదు. డైరీ ఇప్పటికీ రాస్తాను. అయితే ఎవరికైనా చెప్పవలసిన మాట అందులో కనిపిస్తే, తెల్లారి ఆ మనిషి దగ్గరికి వెళ్తాను. వెళ్ళేటప్పుడు చేతిలో తినేది ఏదో ఒకటి ఉంటుంది.

పాస్తా ఉడికింది. గిన్నె వంచబోయే ముందు గరిటెతో ఒక గ్లాసుడు గంజి తీసి పక్కన పెట్టుకున్నాను. ముందు గదిలోంచి బాపు గొంతు వినిపించింది.

"బిడ్డా, ఇయ్యాల బయట ఏం తిన్ననో అడుగవా?"

"అడుగుత బాపు. వడ్డించినంక అడుగుత."