కాయ కొట్టిందంటే తెల్లారినట్టే

మా పక్కింటి అవ్వ పోయింది. మా ఊరు కేతేపల్లి నుంచి ఫోన్ చేసి చెప్పింది ఆమె అల్లుడే. “అన్నా, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ తాగి మగ్గం కాడ కూసున్నది, గట్లనే పక్కకు ఒరిగింది” అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు మాత్రం గుండె తేలికపడింది. ఆ కబురు చెప్పడానికి అతను ఇంట్లో ఉన్నాడు, జైల్లో లేడు. దానికోసమే కదా అవ్వ ఏళ్ల తరబడి ఊరితో, కోర్టుతో, నాతో కూడా కొట్లాడింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. అవ్వకు ఒక్కతే కూతురు. నేతవాళ్లింటి పిల్ల, క్రైస్తవ కూలి కుటుంబంలో పుట్టిన యువకుణ్ణి ప్రేమించి పెళ్లి చేసుకుంది. అతను మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇద్దరూ అక్కడే ఒక గది కిరాయికి తీసుకున్నారు. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆ గదిలో నెత్తుటి మడుగులో అమ్మాయి శవాన్ని ఇంటి ఓనరు చూశాడు. పొద్దుగూకేసరికి అల్లుడు పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు.

కేసు ఎంత సులువుగా కట్టారో చూడండి. కడుపులో అరగని అన్నం ఉందని పోస్టుమార్టం తేల్చింది. కాబట్టి తిన్న కాసేపటికే చనిపోయింది. జనం రాత్రి అన్నం తింటారు. రాత్రి ఇంట్లో ఉన్నది మొగుడొక్కడే. అయిపోయింది, యావజ్జీవం! అన్నం ఎంతసేపట్లో అరుగుతుందనేది మనిషిని బట్టి, తిండిని బట్టి, భయాన్ని బట్టి మారుతుంది. కడుపు గడియారం కాదు. డాక్టరు కూడా ‘ఉజ్జాయింపుగా’ అనే అన్నాడు, ఆ మాటను తీర్పు మింగేసింది. అల్లుడు మొదటిరోజు నుంచీ “రాత్రి ఆమె అన్నమే తినలేదు” అని మొత్తుకున్నాడు. ముద్దాయి మాట ఎవరికి కావాలి? అవ్వను మాత్రం బోనెక్కించి, ఈ పెళ్లి నీకు ఇష్టమేనా అని అడిగారు. “మొదట్ల లేకుండె” అంది, ఉన్నమాట. “తర్వాత...” అనబోతుంటే దిగిపొమ్మన్నారు.

ఊరు ఊరుకుంటుందా? ఆమె అల్లుణ్ణి చూడటానికి జైలు ములాఖత్‌కు బయల్దేరితే బస్టాండులోనే అందుకునేవాళ్లు.

“కన్నబిడ్డను సంపినోనికి పండ్లు మోస్తున్నవా? సిగ్గు లేదా నీకు?”

“సంపినోడు బయటనే తిరుగుతుండు. ముందు వాన్ని దేవులాడుండ్రి. నా పండ్లతోని మీకేం నొప్పి?”

మగ్గం నేస్తూనే మాట్లాడటం ఆమె అలవాటు. మగ్గం ఆగిందంటే మాత్రం ఎదుటివాడు నోరు మూసుకుని వినాలి. అప్పీలు కోసం నేనూ, నా వకీలు మిత్రుడూ కాగితాలు తిరగేస్తున్నప్పుడు ఒక మధ్యాహ్నం మగ్గం ఆగింది.

“పోలీసోళ్లు తీసిన ఫోటోలు నాకు సూపియ్యి.”

“వద్దవ్వా, సూడలేవు.”

“కన్నది నేను. నువ్వు సూడొచ్చు గని నేను సూడొద్దా?”

చూసింది. మేమంతా అంతవరకూ నెత్తురే చూశాం. ఆమె చూపు గది మూలకు పోయింది. అక్కడ నరసింహస్వామి పటం, దీపం, దాని ముందు పగిలిన కొబ్బరి చిప్పలు రెండు.

“కొడుకా, శనివారం నా బిడ్డకు ఒక్కపొద్దు. చాయ నీళ్లు తప్ప ఏం ముట్టది. ఆదివారం తెల్లారినంక తానం జేసి, కాయ కొట్టి, గప్పుడు బువ్వ తింటది. కాయ కొట్టిందంటే తెల్లారినట్టే. అల్లుడు తెల్లారకముందే డ్యూటీకి పోయిండు గద?”

పోయాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు ఉంది. పోలీసులూ దాన్ని కాదనలేదు, చంపి డ్యూటీకి వెళ్లాడన్నారు, అంతే. ఇప్పుడు వాళ్ల లెక్కే నిజమనుకున్నా, అన్నం తిన్న కాసేపటికే ఆమె చనిపోయిందంటే, అప్పటికి అతను ఫ్యాక్టరీలో ఉన్నాడు.

హైకోర్టు అవ్వను మళ్లీ సాక్షిగా పిలిపించింది. ముందురోజు కొట్టిన కాయ కావచ్చు కదా అన్నాడు సర్కారు వకీలు. “కాయ కొట్టినంక ఒక్కపొద్దు ఎక్కడిది సారూ? కాయ కొట్టుడే ఒక్కపొద్దు ఇడుసుడు. మీ ఇంట్ల ఆడోళ్లను జర అడుగుండ్రి” అంది. ఆ సాక్ష్యంతోనే హైకోర్టు శిక్ష కొట్టేసింది.

నేను దేవుణ్ణి నమ్మను. ఉపవాసాల మీద వ్యాసాలు రాసి ఆమెతో తిట్లు తిన్నవాణ్ణి. తీర్పు విని కోర్టు మెట్లు దిగుతూ నన్ను పట్టుకుంది. “దేవుడు లేడని రాస్తవు గద. గిప్పుడు నా బిడ్డ ఒక్కపొద్దే నీకు దిక్కాయె!”

“దేవుడు లేడు గని అవ్వా, ఒక్కపొద్దు ఉన్నది” అన్నాను. ఫక్కున నవ్వింది. కూతురు పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి.

అసలు చంపిందెవరో ఇవాళ్టికీ తెలియదు. వెతకాల్సిన రోజుల్లో వెతకలేదు. కూలోళ్ల పిల్లవాడు, కులం కానివాడు, మతం కానివాడు చేతికి దొరికాక ఇంకొకణ్ణి వెతికే ఓపిక ఎవరికుంటుంది? ఈ కోపం నాకు పోదు. అవ్వకూ పోలేదు. అయినా ఆమె పాడెను అల్లుడు మోశాడు, వద్దన్నవాళ్లు లేరు.

అతను విడుదలై వచ్చిన మధ్యాహ్నం నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను. గుమ్మంలో నిలబడిపోయాడు. “కాళ్లు కడుక్కో, బువ్వ తిను” అంది అవ్వ. అన్నం పెట్టి, పప్పు వేసి, గరిటె చేతిలో ఉండగానే ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. అతను రెండో ముద్ద కలిపేలోపే ఆమె కళ్లు మూతపడ్డాయి. ఎన్నేళ్ల నిద్రో. తల వాలిపోయింది, గరిటె జారుతోంది. అతను ఎడమచేయి చాచి దాన్ని మెల్లగా అందుకుని, చప్పుడు కాకుండా గిన్నెలో పెట్టాడు. ఆమె లేస్తుందేమోనని ముద్దను కూడా నెమ్మదిగా నములుతూ తినసాగాడు.